కాంక్రీటు నేల కింద కరెంటు పైపులు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: గోడ దగ్గరి డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి హాలు మధ్యలో పెట్టబోయే యంత్రానికి 14 మీటర్ల దూరం. నేల కాంక్రీటు ఇంకా వేయలేదు, మందం 100 మిల్లీమీటర్లు. ఆర్మర్డ్ కేబుల్ (ఇనుప తీగల తొడుగు ఉన్నది) గట్టిదే కదా, ఇసుకలో పరిచి పైన కాంక్రీటు పోసేస్తే చాలదా?

జవాబు: నడవడానికైతే నడుస్తుంది. కానీ రేపు కేబుల్ చెడిపోయినా, ఇంకా పెద్ద యంత్రం పెట్టినా నేల పగలగొట్టాల్సిందే. అందుకే ఆర్మర్డ్ అయినా సరే, పైపులోనే పంపండి. పైపు లోపలి వ్యాసం కేబుల్ మందానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. 20 మి.మీ. మందం కేబుల్‌కి లెక్క ప్రకారం 30 చాలు గానీ, 14 మీటర్లు లాగాలి కాబట్టి 50 మి.మీ. పైపు వేసుకుంటే చేతులు నొప్పెట్టవు.

ఈ పైపుని కాంక్రీటు లోపల ఇరికించకండి. పైపు బయటి వ్యాసం స్లాబు మందంలో మూడో వంతు దాటకూడదు. 100 మి.మీ. నేలకి అది 33 దగ్గరే ఆగిపోతుంది. పెద్ద పైపు పెడితే సరిగ్గా దాని మీదే నేల చీలుతుంది. కాబట్టి మట్టి బాగా దిమ్మిస చేశాక 50 మి.మీ. ఇసుక, దాని మీద పైపు, పైన మళ్లీ 75 మి.మీ. ఇసుక, ఆ తర్వాతే కాంక్రీటు. ఇసుకలో కంకర రాళ్లు లేకుండా చూడండి.

పైపు నేలలోంచి పైకి లేచే చోటే చాలామంది దెబ్బతింటారు. ఆర్మర్డ్ కేబుల్‌ని దాని మందానికి 12 రెట్ల కంటే తక్కువ వ్యాసార్ధంలో వంచకూడదు. 20 మి.మీ. కేబుల్‌కి అది 240 మి.మీ. అవుతుంది. మామూలు ఎల్బోలో ఇది తిరగదు, పొడవాటి బెండు తెచ్చుకోవాలి. రేపటి అవసరానికి పక్కనే అదే సైజు ఖాళీ పైపు ఇంకొకటి వేసి, రెండు కొసలకీ మూత బిగించి వదిలేయండి. డేటా కేబుల్ ఉంటే దానికి వేరే పైపు.

ప్రశ్న: లైట్ల వైర్లకి 25 మి.మీ. పైపులు స్లాబులో వేశాం. ఇప్పుడు ఒక పైపులో స్ప్రింగ్ (వైర్లు లాగడానికి ముందు పంపే పొడవాటి తీగ) 4 మీటర్లు వెళ్లి ఆగిపోతోంది. ఏం జరిగి ఉంటుంది?

జవాబు: ముందు గాలి ఊది చూడండి. అవతలి కొసకి గాలి ధారాళంగా వస్తుంటే స్ప్రింగ్ ఏదో బెండులో తట్టుకుంటోంది. అవతలి కొస నుంచి పంపితే వెళ్లిపోవచ్చు. లేదంటే నైలాన్ దారానికి చిన్న ప్లాస్టిక్ కవరు ముక్క కట్టి, అవతల వాక్యూమ్ క్లీనర్ పెట్టి లాగండి. స్ప్రింగ్ వెళ్లని చోటికి కూడా దారం వెళ్లిపోతుంది. రెండు బాక్సుల మధ్య 90 డిగ్రీల బెండ్లు నాలుగు మించితే మాత్రం దారం వెళ్లినా వైర్లు లాగడం కష్టం.

గాలే రాకపోతే పైపులో సిమెంటు పాలు గడ్డకట్టాయి, లేదా పైపు నలిగిపోయింది. జాయింటుకి సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) రాయకుండా ఊరికే దూర్చి వదిలేయడం మొదటి కారణం. కాంక్రీటుని కుదించే వైబ్రేటర్ సూది తగలడం రెండోది. ఇంకోటి ఎవరూ లెక్కలోకి తీసుకోరు: ఖాళీ పైపు పచ్చి కాంక్రీటులో తేలుతుంది. 25 మి.మీ. పైపుని ప్రతి మీటరుకీ కిలో పైన బలంతో కాంక్రీటు పైకి నెడుతుంది. అందుకే మీటరుకి ఒకచోటైనా బైండింగ్ వైరుతో కడ్డీలకి కట్టాలి. కట్టకపోతే జాయింటు ఊడుతుంది.

స్ప్రింగ్‌ని సుత్తితో కొట్టి తోయకండి, అది కూడా లోపలే చిక్కుకుంటుంది. స్ప్రింగ్ ఆగినప్పుడు పైపు మూతి దగ్గర దాని మీద గుర్తు పెట్టి, బయటికి లాగి కొలవండి. ఆ కొలత దగ్గర పగలగొట్టి, మూత తీయగలిగే జంక్షన్ బాక్సు పెట్టడమే దారి.

ప్రశ్న: నేల కింది పైపులో నీళ్లు కనిపిస్తున్నాయి. ఎక్కడా లీకు లేదు.

జవాబు: లీకు అక్కర్లేదు. వెచ్చటి తేమగాలి కొసల్లోంచి లోపలికి వెళ్లి, చల్లటి పైపు గోడకి చెమ్మగా దిగుతుంది. నేల కింది ప్రతి పైపులోనూ ఎప్పుడో ఒకప్పుడు నీళ్లు ఉంటాయనుకునే కేబుల్ కొనండి. తడిలో వాడొచ్చని తయారీదారు చెప్పిన రకమే కావాలి. పైపు లోపల వైరు అతుకు ఒక్కటి కూడా ఉండకూడదు. వైర్లు లాగాక 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) పెట్టి చూడండి. 1 మెగాఓమ్ కంటే తక్కువ వస్తే కరెంటు ఇవ్వొద్దు. అంతా సరిగ్గా ఉంటే కొసల్ని సీలింగ్ ముద్దతో మూసేయండి.