డీఎన్‌ఏ జంట పేటలను కలిపి ఉంచేది హైడ్రోజన్ బంధాలేనా?

సగమే నిజం. రెండు పేటల్లో ఎదురెదురుగా జతకట్టే నత్రజని క్షారాల్లో అడెనిన్–థైమిన్ మధ్య 2, గ్వానిన్–సైటోసిన్ మధ్య 3 హైడ్రోజన్ బంధాలు ఉంటాయి. దేనికి ఏది జతో తేల్చడమే వాటి ముఖ్యమైన పని. పేటలు విడిపోయినా నత్రజని క్షారాలు నీటితో అలాంటి బంధాలే ఏర్పరచుకోగలవు కాబట్టి, స్థిరత్వానికి వాటివల్ల కలిగే నికర లాభం తక్కువ.

అసలు బలం క్షారాల దొంతరది. చదునైన ఈ వలయాలు నీటికి ముఖం చాటేసి, సుమారు 0.34 నానోమీటర్ల ఎడంతో ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. అంత దగ్గరలో వాన్ డర్ వాల్స్ ఆకర్షణ (బాగా దగ్గరగా ఉన్న అణువుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణ) బాగా పనిచేస్తుంది. గ్వానిన్–సైటోసిన్ (జీసీ) జతలు ఎక్కువున్న డీఎన్‌ఏ వేడికి తట్టుకోవడంలోనూ, పాఠ్యపుస్తకాలు మూడో బంధానికి కట్టబెట్టే ఘనతలో పెద్ద వాటా ఈ పేర్పుదే.

పేటల వెన్నెముకలోని ఫాస్ఫేట్లు రుణావేశంతో పరస్పరం తోసుకుంటాయి. సోడియం, మెగ్నీషియం అయాన్లు ఆ వికర్షణను తగ్గిస్తాయి. లవణం బొత్తిగా లేని నీటిలో గది ఉష్ణోగ్రత దగ్గరే పేటలు విడిపోవచ్చు.