ఆర్కిటిక్ ఓడ ఎక్కబోయే మేనకోడలికి

చి. మేనకోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన బ్రోచర్లు మూడూ తిరగేశాను. మూడింటిలోనూ ముందు పేజీల నిండా పడకగదులు, భోజనాల హాలు, డెక్ మీద వేడినీళ్ల తొట్టి. అసలు సంగతులు చివరి పేజీలో చీమల్లాంటి అక్షరాల్లో ఉన్నాయి. ఏ ఓడ మంచిదని అడిగావు కదా, ఒక్క మాట మనసులో పెట్టుకుని వాటిని మళ్లీ చదువు. ఆర్కిటిక్‌లో చిన్న ఓడకు మనం కట్టే డబ్బు ఓడకు కాదు, ఒడ్డుకు. రోజుకు ఎన్నిసార్లు రబ్బరు పడవలోకి దిగి నేల మీద కాలు పెడతాం, అక్కడ ఎంతసేపు ఉండనిస్తారు, పక్కన నడిచే గైడుకు ఎంత తెలుసు, చూడాల్సినవి ఇవి. మిగతాదంతా పడుకోవడానికో చోటు.

కాబట్టి కంపెనీకి ఫోను చేసి నిలదీసి అడుగు. ప్రయాణికులు ఎంతమంది, పడవలు ఎన్ని, గైడ్లు ఎంతమంది, అందరూ ఒకేసారి దిగుతారా లేక వంతులవారీగానా? జోడియాక్ అనే ఆ రబ్బరు పడవ ఒక్కోదానిలో పదిమంది, అటూ ఇటూగా, పడతారు. 180 మంది ఉన్న ఓడలో చాలాసార్లు సగం మంది ఒడ్డున తిరుగుతుంటే మిగతా సగం జాకెట్లు తొడుక్కుని వంతు కోసం కాచుకుంటారు. 60, 70 మంది ఉన్న ఓడలో ఆ బాధ లేదు. 12 మందితో వెళ్లే మరీ చిన్నవీ ఉన్నాయి, కానీ వాటిలో స్వేచ్ఛ ఎంత ఎక్కువో ఊపూ అంతే ఎక్కువ. నీతో వచ్చే మీ నాన్న కడుపుకు అది పడదు.

ఎక్కడికన్నావు. మొదటిసారి కాబట్టి నా ఓటు నార్వేకు ఉత్తరాన ఉన్న దీవుల గుంపు స్వాల్‌బార్డ్‌కే. కెనడా ఉత్తర దీవుల మధ్యగా అట్లాంటిక్ నుంచి పసిఫిక్ వైపు వెళ్లే వాయవ్య జలమార్గం పేరు వినగానే నీ కళ్లు మెరిసి ఉంటాయి, నాకు తెలుసు. 1845లో ఫ్రాంక్లిన్ రెండు ఓడలతో ఆ దారి వెతుకుతూ వెళ్లాడు, ఆ బృందంలో ఒక్కరూ తిరిగి రాలేదు. 1903లో బయలుదేరిన అముండ్‌సెన్‌కు దాన్ని దాటడానికి 1906 దాకా పట్టింది. ఇప్పుడు ఆ భయం లేదు గాని, మంచు అడ్డం పడితే ఇవాళ కూడా ఓడ వెనుదిరగాల్సిందే, పైగా రోజుల తరబడి ఉత్త సముద్రమే. స్వాల్‌బార్డ్ అలా కాదు. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న లాంగియర్‌బైన్ వరకు మామూలు విమానంలో దిగి, ఆ ఊరి రేవులోనే ఓడ ఎక్కుతారు. మర్నాటికల్లా హిమానీనదం ముందు ఉంటారు.

అయితే 2025 జనవరి 1 నుంచి అక్కడ నిబంధనలు మారాయి. రక్షిత ప్రాంతాల్లోకి 200 మందికి మించి ప్రయాణికులున్న ఓడలు రాకూడదు. ఆ ప్రాంతాల్లో దిగడానికి 43 చోట్లే కేటాయించారు. అంతకుముందు వెళ్లినవాళ్ల ఫొటోలు చూపించి, నావి కూడా కలుపుకుని, అక్కడికే తీసుకెళ్లమని గైడును వేధించకు.

నెల సంగతి. మే నెలలో మంచు తెల్లగా, నిండుగా ఉంటుంది, ఓడకే దారి తక్కువ. జూన్, జులైలో పక్షుల సందడి. జులై చివరి నుంచి ఆగస్టులో మంచు వెనక్కి తగ్గుతుంది కాబట్టి స్పిట్స్‌బెర్గెన్ దీవి చుట్టూ తిరిగి వచ్చే అవకాశం అప్పుడే ఎక్కువ. ఏప్రిల్ 20 ప్రాంతం నుంచి ఆగస్టు మూడో వారం దాటేదాకా అక్కడ సూర్యుడు అస్తమించడు కాబట్టి ధ్రువకాంతులు చూడాలన్న కోరికను ఈ ప్రయాణానికి ముడిపెట్టకు. అవే కావాలంటే సెప్టెంబరులో తూర్పు గ్రీన్‌లాండ్‌లోని స్కోర్స్‌బీసుండ్ వైపు వెళ్లాలి. నన్నడిగితే జులై ఆఖరు. ఎందుకో కింద చెబుతాను.

వీసా దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. స్వాల్‌బార్డ్ నార్వేదే, కానీ ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి, అంటే షెంగెన్ పరిధిలోకి రాదు. నార్వే ప్రధాన భూభాగం మీదుగా అక్కడికి వెళ్తే షెంగెన్ దాటి బయటకు వెళ్లినట్టు, తిరిగొస్తే మళ్లీ ప్రవేశించినట్టు. షెంగెన్ వీసా అవసరమైనవాళ్లు ఒకసారి ప్రవేశానికి మాత్రమే చెల్లేది తీసుకుంటే తిరుగు దారి మూసుకుపోతుంది. రెండుసార్లు ప్రవేశించగలిగే వీసా అడుగు. ఓడ బయలుదేరే రోజే అక్కడ దిగేలా టికెట్లు కొనవద్దు, కనీసం ఒక రోజు ముందు చేరండి. సామాను వెనకపడితే ఓడ మీ పెట్టె కోసం ఆగదు. లోదుస్తులు, ఉన్ని బట్టలు, మందులు చేతిసంచిలోనే ఉండాలి.

ఇప్పుడు మీ నాన్న మోకాళ్లు. వాడు ఓడ మెట్లు ఎక్కగలడా అని అడిగావు. ఓడ మెట్లతో పేచీ లేదు, పడవలోకి దిగడంతోనే. ఓడ పక్కన వేలాడే మెట్లు దిగి చివరి పలక మీద నిలబడతారు. కింద పడవ అలతో పాటు లేస్తూ పడుతూ ఉంటుంది. అందులోని గైడు చెయ్యి చాస్తాడు. అరచెయ్యి పట్టుకోకూడదు, మణికట్టుకు పైన ముంజేతిని పట్టుకోవాలి. అతనూ మన ముంజేతిని పట్టుకుంటాడు. తడిసిన చేతితొడుగుల అరచేతులు జారతాయి, ముంజేతుల పట్టు ఒకరు వదిలినా నిలుస్తుంది. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. కెమెరా, ఫోను, చేతికర్ర అన్నీ వీపు సంచిలో. పడవ పైకి లేచిన క్షణంలో గైడు రమ్మంటాడు. అంతకు ముందు కాదు, ఆ తర్వాతా కాదు. ఒక కాలు రబ్బరు గొట్టం మీద, రెండో కాలు లోపలి మెట్టు మీద, వెంటనే గొట్టం మీద కూర్చుని పక్కకు జరుగుతూ పోవాలి. లేచి నడిచామా, గైడు కేక వేస్తాడు. ఒడ్డున దిగేటప్పుడు పడవ ముక్కు వైపు జరిగి, కాళ్లు రెండూ బయటకు తిప్పి, పిక్కల లోతు నీళ్లలోకి జారాలి.

ఇది చేయగలిగితే మీ నాన్నకు ఏ బెంగా లేదు. చెయ్యి ఆనించకుండా తక్కువ ఎత్తు బల్ల మీద నుంచి లేవడం, మెట్లు నెమ్మదిగా దిగడం, ఎగుడుదిగుడు నేల మీద ఒక గంట నడవడం ఇప్పటి నుంచే మొదలుపెట్టించు. నడక రోజూ మూడు నాలుగు రకాలుగా ఉంటుంది, వాడు నెమ్మది బృందంలో వెళ్లాలి. దానికి నామోషీ పడతాడు. ఆ బృందమే ఎక్కువ చూస్తుందని చెప్పు. మాట వరసకు కాదు, నిజమే. పరుగులు పెట్టేవాళ్లు గుట్ట ఎక్కి దిగుతారు. నెమ్మదిగా నడిచేవాళ్లు గోరంత విల్లో చెట్టును, నేలకు అతుక్కున్న ఊదారంగు సాక్సిఫ్రేజ్ పువ్వును వంగి చూస్తారు.

ఎలుగుబంట్ల విషయంలో ఆశలు సర్దుకోండి. మీరు దిగకముందే తుపాకులు, సిగ్నల్ పిస్తోళ్లు పట్టుకున్న గైడ్లు ఒడ్డుకు వెళ్లి చుట్టూ గాలించి వస్తారు. మీరు నడిచినంతసేపూ కాపలా ఉంటారు. ఎలుగు కనిపిస్తే ఆ చోట దిగడం రద్దు, దిగి ఉంటే వెంటనే పడవల్లోకి. ఓడ అయినా, పడవ అయినా 300 మీటర్ల దూరం పాటించాలి, మార్చి 1 నుంచి జూన్ 30 దాకా 500 మీటర్లు. అంటే మీకు కనిపించేది మంచు మీద కొంచెం పసుపు తిరిగిన చుక్క. అదే ఎలుగు, మంచు పక్కన అది తెల్లగా ఉండదు. అందుకే ఖరీదైన కోటు కన్నా మంచి బైనాక్యులర్స్‌కు ఖర్చు పెట్టు, 8×42 రకం చాలు. ఇద్దరికీ ఒకటి అనుకోవద్దు, మీ నాన్న చేతికి వెళ్లినది తిరిగి రాదు. ఇంకాస్త దగ్గరికి పోనివ్వమని గొణిగేవాళ్లు ప్రతి ఓడలోనూ ఒకరిద్దరు ఉంటారు, వాళ్లతో గొంతు కలపవద్దు. మనిషి చేసే తప్పుకు అక్కడ ప్రాణం పోయేది ఎక్కువగా ఎలుగుదే.

జులై ఆఖరు ఎందుకన్నానంటే, పక్షుల కొండ కోసం. హిన్లోపెన్ జలసంధి ఒడ్డున ఆల్కెఫ్యెల్లెట్ అనే కొండ ఉంది. నిలువు రాతి స్తంభాలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి, ఆ అంచుల మీద దాదాపు 60,000 జతల బ్రూనిక్ గిల్లెమాట్ పక్షులు భుజం భుజం రాసుకుంటూ నిలబడి ఉంటాయి. కొండ కనిపించేలోపే వాసన వస్తుంది, ఆ తర్వాత రొద. మూడు వారాల పిల్ల, ఇంకా రెక్కలు సరిగా రానిది, అంచు మీద నుంచి సముద్రంలోకి దూకేస్తుంది. తండ్రి వెంట దిగి, పిలుస్తూ, దాన్ని ఈదించుకుంటూ తీసుకుపోతాడు. వారాల తరబడి మేత కూడా ఆయనే పెడతాడు. నీళ్లు అందక నేల మీద పడ్డ పిల్లల కోసం కింద నక్కలు తిరుగుతుంటాయి. జాలి పడతావు, కానీ ఎటు వైపు జాలి పడాలో తెలియదు. తలపైకి ఎత్తి నోరు తెరవవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను. కారణం ఊహించుకో.

హిమానీనదం దగ్గర గైడును పడవ ఇంజను ఆపమని అడుగు. నీళ్లలో తేలే మంచుముక్కలు కరుగుతుంటే, వాటిలో ఎన్నేళ్లుగానో నొక్కుకుపోయిన గాలిబుడగలు చిటపటా పగులుతాయి. ఇంజను మోతలో అది వినిపించదు. ముందు పెద్ద పెళ్ల విరిగిపడుతుందేమోనని అందరూ అటే చూస్తారు, ఈ చప్పుడు పట్టించుకోరు. పెళ్ల పడితే అల వస్తుంది కాబట్టే పడవను అంత దూరంలో ఆపుతారు.

ఇక అక్కడి నుంచి ఏమీ తేవద్దు. రాయి, ఈక, రెయిన్‌డీర్ కొమ్ము, ఏదీ వద్దు. 1946కు ముందు మనుషులు వదిలిన ప్రతి వస్తువూ అక్కడ చట్టరీత్యా రక్షిత వారసత్వమే. తుప్పు పట్టిన మేకు కూడా. పదిహేడో శతాబ్దపు తిమింగలాల వేటగాళ్ల సమాధులు, నూనె కాచిన పొయ్యిలు నేల పైనే ఉంటాయి, ఆ చలిలో ఏదీ త్వరగా కుళ్లదు. తేవద్దన్నట్టే తీసుకెళ్లనూ వద్దు. బట్టల జేబులు, జిప్పులు, బూటు అడుగులు ముందే శుభ్రంగా దులుపు, లేకపోతే విత్తనాలు అంటుకుని వస్తాయి. ఓడలో వాక్యూమ్ పెట్టి మరీ వెతుకుతారు. నీ-ఓలెసుండ్ అనే పరిశోధనా గ్రామంలో ఆగితే ఫోనులో వైఫై, బ్లూటూత్ ఆపెయ్యాలి, అక్కడి యాంటెన్నాలకు ఆ అలలు అడ్డం.

బట్టల గురించి రెండు ముక్కలు. నూలు వద్దు, తడిస్తే ఆరదు, ఒంటిని చల్లబరుస్తుంది. ఒంటికి ఆనుకుని పలచటి ఉన్ని, దాని మీద ఫ్లీస్, పైన నీరు చొరనిది. ఎండాకాలంలో కూడా వేడి 10 డిగ్రీలు దాటడం తక్కువే, కదిలే పడవలో గాలికి సున్నా కింద ఉన్నట్టుంటుంది. వాటర్‌ప్రూఫ్ ప్యాంటు బూట్ల లోపలికి దోపవద్దు, పైకి వదలాలి. లేకపోతే ఒక్క అల చాలు, బూటు నిండడానికి. జాకెట్టు, బూట్లు ఓడవాళ్లే ఇస్తారేమో కనుక్కున్నాకే కొను. కెమెరా బ్యాటరీలు చలికి తొందరగా దిగిపోతాయి, అదనపువి లోపలి జేబులో ఒంటికి దగ్గరగా పెట్టుకో. నిద్రకు కళ్లగంతలు మరిచిపోకు. కడుపు తిప్పకుండా వేసుకునే మాత్ర ఓడ ఊగడం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. గది ఓడ మధ్యలో, కింది అంతస్తులో తీసుకో. ధర తక్కువ, ఊపూ తక్కువ.

బ్రోచర్‌లో గీసిన దారిని నమ్మి, ఫలానా రోజు ఫలానా చోటు అని లెక్కలు వేసుకోవద్దు. మంచు, గాలి, పొగమంచు, ఎలుగు, వీటిలో ఏది అడ్డం వచ్చినా కెప్టెన్ దారి మారుస్తాడు. రాత్రి భోజనానికి ముందు మర్నాటి కార్యక్రమం చెబుతారు, పొద్దున లేచేసరికి అదీ మారి ఉండొచ్చు. అలా మారినప్పుడు ఎంత హుషారుగా ఇంకో చోటు చూపిస్తారన్నది గైడ్ల సత్తా. ఫిర్యాదు చేసే తోటి ప్రయాణికుల బల్ల దగ్గర కూర్చోకు, అన్నం సహించదు.

ఇన్సూరెన్స్‌లో మాత్రం పీనాసితనం వద్దు. అత్యవసరంగా హెలికాప్టరులో, విమానంలో తరలించే ఖర్చు భరించేదే తీసుకో. లాంగియర్‌బైన్ ఆసుపత్రి చిన్నది, పెద్ద జబ్బయితే నార్వే ప్రధాన భూభాగంలోని ట్రామ్సో పంపుతారు. 2023 సెప్టెంబరులో గ్రీన్‌లాండ్‌లోని ఆల్పెఫ్యోర్డ్‌లో 206 మందితో ఉన్న ఓడ నేలకు తగిలి నిలిచిపోతే, దాన్ని లాగి విడిపించడానికి మూడు రోజులు పట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు. సాయం వెంటనే అందే సముద్రం కాదని తెలియడానికి చెబుతున్నాను.

ఓడవాళ్లు ఆరోగ్య ఫారం పంపుతారు. మీ నాన్న చేతికి ఇవ్వకు. బీపీ మాత్రల సంగతి, పోయినేడు ఛాతీ నొప్పి వచ్చిన సంగతి రెండూ ఎగరగొడతాడు. నువ్వే నింపి, డాక్టరు సంతకం తీసుకుని పంపు. ఓడలో ఒక రోజు మంచునీళ్లలో దూకే సరదా పెడతారు, వాడు తప్పకుండా ముందు వరుసలో నిలబడతాడు. ఫారంలో రాసి ఉంటే ఓడ డాక్టరే ఆపుతుంది, మనకు తగువు తప్పుతుంది.

పైన రాసిన ప్రశ్నలకు ఆ మూడు కంపెనీలూ ఏం చెప్పాయో రాసి పంపు. అది చూసేదాకా ఎవరికీ అడ్వాన్సు కట్టకు.

మీ అత్తయ్య