గొర్లను ఆపే ముల్లు అమెరికా నుంచి తెప్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, ఐదాహో రాష్ట్రంలో ఉంటడు. కొండల దిక్కు పోయినప్పుడు ఒక మొక్క ఫొటో పంపిండు. నేల మీద చాప పరిచినట్టు ఉంది, కూర్చోబోతే గుచ్చుకుందట. పల్లేరేమో అనుకున్న, కానీ పూలు వెంపలి పూల లెక్క ఊదా రంగులో ఉన్నయి. దాని గింజలు తెప్పించి చెల్క గట్టు మీద వేస్తే గొర్లు, మేకలు ఆగుతయా?
– ఒక రైతు, దేవరకొండ

జవాబు: వెంపలి గుర్తుకొచ్చిందంటే మీ కన్ను సరైన చోటే పడింది. పల్లేరుకు పసుపు పూలు, ముల్లు కాయకుంటుంది. మీరు చెప్పిన ఆనవాళ్లను బట్టి ఇది స్పైనీ మిల్క్‌వెచ్, శాస్త్రం పేరు ఆస్ట్రగాలస్ కెంట్రోఫైటా, మన కంది, పెసర, వెంపలి ఉన్న చిక్కుడు కుటుంబమే. ముల్లు ఆకు కొసకే ఉంటుంది. సేజ్‌బ్రష్ పెరిగే ఎత్తైన ఎడారి నేలల నుంచి పెద్ద కొండల దాకా కనిపిస్తుంది. (ఆ సేజ్‌బ్రష్ ఎవరో కాదు, మన దవనానికి చుట్టమే.) అక్కడ చలికాలం మంచు, ఏడాదంతా ఈదురుగాలి, అందుకే పైకి లేవకుండా నేలకు కరుచుకుని పెరుగుతుంది.

మరి చీలమండ కూడా దాటని మొక్క గొర్రెను ఏం ఆపుతుంది? దాటుకుని పోతుంది, అంతే.

ఇంకో సంగతి. ఈ ఆస్ట్రగాలస్ జాతిలో రెండు వేలకు పైగా రకాలున్నాయి. వాటిలో కొన్ని, మన నల్లగొండ రాళ్లలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగినట్టు, నేలలోని సెలీనియం అనే ఖనిజాన్ని (ఎక్కువైతే పశువులకు విషమే) ఆకుల్లోకి లాక్కుంటాయి. ఇంకొన్నింటిలో బూజు తయారు చేసే విషం ఉంటుంది, రోజూ మేస్తే పశువులు తూలుతాయి, చూపు మందగిస్తుంది, అక్కడి పశువుల కాపర్లు ఆ రకాలను లోకోవీడ్ అంటారు. మీ అబ్బాయి చూసిన మొక్క అంత చెడ్డదని నేననడం లేదు, కానీ అలాంటి జాతి గింజ తెచ్చి మందలు తిరిగే చోట చల్లడమెందుకు? పైగా అనుమతి లేకుండా విదేశీ విత్తనాలు తెప్పించడం 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం కుదరదు. కొరియర్‌లో పెట్టమని మీ అబ్బాయికి చెప్పకండి.

గట్టుకు సీమచింత వేయండి. అదీ చిక్కుడు కుటుంబమే, ముళ్లూ ఉంటాయి. తొలకరికి రెండు వరుసల్లో దగ్గర దగ్గరగా గింజలు పెట్టి, మొక్కలు కుదురుకునేదాకా కంపతో కాపాడి, ఏటా కొసలు కత్తిరిస్తే గుబురుగా అల్లుకుంటుంది. వదిలేస్తే మాత్రం చెట్టయి పంటకు నీడ పడుతుంది.