తమ్ముడి కథ రాసే హక్కు నాకు లేదా?

ప్రశ్న: నేను చాలా ఏళ్లుగా విలేకరిగా పనిచేస్తున్నాను. తాగుడు మానడానికి పెనుగులాడుతున్న మనుషులను, వారి కుటుంబాలను కలిసి ఒక పుస్తకం రాశాను. అందులో మా తమ్ముడి కథే ప్రధానం. వాడు మద్యం మానేసి నాలుగేళ్లయింది. మానేసిన కొత్తలో అడిగితే "నీ ఇష్టం అక్కా, రాసుకో" అన్నాడు. ప్రచురణ తేదీ ఖరారయ్యాక రాతప్రతి ఇస్తే, చదివి తన భాగం తీసేయమంటున్నాడు. మరదలు నాతో మాట్లాడటం మానేసింది. ఇంటి గుట్టు రచ్చకెక్కిస్తావా అని అమ్మ ఏడుస్తోంది. పుస్తకంలోని మిగతావాళ్లందరికీ వారి భాగాలు ముందే చదివి వినిపించాను. ఒకావిడ అడిగితే ఒక ఘట్టం తీసేశాను కూడా. తమ్ముడి పేరు మారుస్తానన్నాను, పోనీ నవలగా రాస్తానన్నాను. దేనికీ ఒప్పుకోడు. ఆ ఏళ్లన్నీ నేనూ అనుభవించినవే కదా? నా జీవితం గురించి నేను రాసుకునే హక్కు లేదా?

జవాబు: హక్కు ఉంది. ఆ రాత్రులు మీవి కూడా. అయితే మీ తమ్ముడు హక్కు సంగతి ఎత్తినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. తన భాగం తీసేయమన్నాడు, అంతే. అక్కాతమ్ముళ్ల మధ్య హక్కుల ప్రస్తావన వచ్చిందంటే, అంతకుముందు జరగవలసిన సంభాషణ ఒకటి జరగలేదని నాకు అనిపిస్తుంది.

అదేమిటో మీరే రాశారు. పరాయివాళ్లకు వాళ్ల భాగాలు వినిపించి, అభ్యంతరాలు విని, ఒకచోట కోత కూడా పెట్టుకున్నారు. తమ్ముడి వంతు వచ్చేసరికి తేదీ ఖరారు చేసుకుని రాతప్రతి చేతిలో పెట్టారు. వాళ్లను అడిగారు, ఇతనికి తెలియజేశారు. మనవాడే కదా, కాదంటాడా అన్న ధీమా కావచ్చు. జాగ్రత్త ఎక్కువ అవసరమైనది మాత్రం ఇతని విషయంలోనే. ఆ ఒకావిడ పేరు మారిస్తే ఆమెను ఎవరూ పోల్చుకోలేరు. మీ తమ్ముడికి ఏ పేరు పెట్టినా అట్ట మీద మీ పేరు ఉంటుంది. నవల చేసినా తెలిసినవాళ్లు అతనికోసమే వెతుకుతారు, మీరు ఇన్నేళ్లు తిరిగి సేకరించిన నిజాలకు విలువ మాత్రం తగ్గుతుంది. సంఘటనలను కాస్త అటూ ఇటూ చేసి నిజమనే చెబుదామన్న ఆలోచన వస్తే మొదట్లోనే వదిలేయండి. జేమ్స్ ఫ్రై అనే అమెరికన్ రచయిత తన వ్యసనం గురించి 2003లో రాసిన పుస్తకంలో కొన్ని గంటల నిర్బంధాన్ని మూడు నెలల జైలుగా చెప్పాడు. 2006లో అది బయటపడ్డాక ప్రచురణకర్తలు పాఠకులకు డబ్బు వాపసు ఇవ్వడానికి సిద్ధపడాల్సి వచ్చింది.

ఇక "రాసుకో" అన్న మాట. అప్పుడతను మద్యం మానేసిన కొత్త. చేసిన పనులకు సిగ్గుతో కుంగిపోయి ఉంటాడు. ఆ స్థితిలో మీరేం అడిగినా సరేననేవాడేమో. పైగా అప్పటికి చదవడానికి ఒక్క పేజీ కూడా లేదు. చూడని దానికి ఇచ్చిన ఆ అనుమతిని ఇప్పుడు పత్రంలా చూపించకండి.

మనసారా చెప్పిన మాట కూడా అచ్చులో చూసుకుంటే వేరేగా ఉంటుంది. 2015లో సాహిత్యానికి నోబెల్ పొందిన బెలారస్ రచయిత్రి స్వెత్లానా అలెక్సీవిచ్, అఫ్గానిస్తాన్ యుద్ధానికి వెళ్లిన సోవియట్ సైనికులను, వారి తల్లులను కలిసి ఒక పుస్తకం రాశారు. ఆమెతో మాట్లాడినవాళ్లలోనే కొందరు తర్వాత బెలారస్ రాజధాని మిన్స్క్‌లో ఆమె మీద కోర్టుకు వెళ్లారు. తర్వాతి ముద్రణల్లో ఆమె ఆ విచారణ సంగతులను కూడా చేర్చారు. అంత పెద్ద రచయిత్రికే తప్పలేదు. మీ తమ్ముడు మాట మార్చాడని నొచ్చుకోకండి.

ఇప్పుడు చేయవలసింది ఒకటుంది. మీరిద్దరే కూర్చోండి. అమ్మా మరదలూ లేని చోట. ఏ పేజీలు అని అడగండి, మీ సమర్థన చెప్పకుండా వినండి. ఇలాంటి తగాదాల్లో నేను చూసినంతవరకు అభ్యంతరం పుస్తకమంతటికీ ఉండటం అరుదు. రెండు మూడు చోట్ల ముడి పడి ఉంటుంది. పిల్లలున్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే అతని భయం వాళ్ల గురించే కావచ్చు. వాళ్లు ఆ పేజీలు చదివే రోజును అతను మీకంటే స్పష్టంగా ఊహించుకోగలడు.

కూర్చునే ముందు అతని కథ ఉన్న అధ్యాయాలు మరోసారి చదవండి. మీ కళ్లతో చూసినవి ఏవి, అమ్మ చెబితే విన్నవి ఏవి, మీరు ఊహించి అతని మనసులో పెట్టినవి ఏవి, గీత గీసి విడదీయండి. ఊహించినవి వెంటనే తీసేయవచ్చు, వాటి కోసం పోట్లాట అక్కరలేదు. ఆసుపత్రిలో అతను డాక్టరుతో చెప్పుకున్నవి, భార్యాభర్తల గొడవలు అతనివి, మరదలివి. ఆమెను అసలు అడిగారా? ఆమె మౌనానికి కారణం అక్కడే ఉందని నా అనుమానం.

మరొకటి చూడండి. ఆ ఘట్టాల్లో మీరెక్కడున్నారు? తమ్ముడు పడిపోయిన రాత్రి, అమ్మ ఫోన్ చేసిన రాత్రి, మీరేం చేశారు? ఎత్తారా, ఎత్తలేదా? అతని బలహీనతలన్నీ పేజీల మీద ఉండి మీవి ఒక్కటీ లేకపోతే, చదివేవాడికి అది అక్క రాసిన అభియోగపత్రంలా కనిపిస్తుంది. మీ కోపం, పారిపోవాలనిపించిన రోజులు రాయండి. అవి రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పుస్తకం కూడా బాగుపడుతుంది.

తాగుబోతు తల్లిదండ్రుల ఇంట్లో గడిచిన బాల్యాన్ని 1995లో పుస్తకంగా తెచ్చిన మేరీ కార్, రాయబోతున్నానని ఇంటివాళ్లకు ముందే చెప్పి, అచ్చుకు ముందే చూపించడం అలవాటు చేసుకున్న రచయిత్రి. మీకు ఆ అదను దాటింది. అందుకే ప్రచురణకర్తకు ఈ వారమే రాసి గడువు అడగండి. తేదీలు మారుతూనే ఉంటాయి, దానికి కారణాలు వివరించనక్కరలేదు. అమ్మకు మాత్రం ఇప్పుడే నచ్చజెప్పబోకండి. మీరూ తమ్ముడూ ఒక మాట మీదికి వస్తే ఆవిడ ఏడుపు చాలావరకు తగ్గుతుంది.

అన్నీ అయ్యాక కూడా అతను వద్దంటే? అప్పుడు నా సలహా మీకు నచ్చకపోవచ్చు. అతనికి మాత్రమే చెందినవి తీసేసి, మీ కళ్ల ముందు జరిగి మిమ్మల్ని మార్చినవి, అవీ ముందు అతనికి చూపించి, ఉంచుకోండి. అలా చేస్తే అధ్యాయం నిలబడకపోతే దాన్ని పక్కన పెట్టి, మిగతా కుటుంబాల కథలతో పుస్తకం తెండి. తీసేసిన పేజీలను చింపేయకండి. ఇంకో పదేళ్లకు అతనే అడిగి తీసుకోవచ్చు, అడగకపోనూవచ్చు.