మీ ప్రశ్న – మా జవాబు: బొమ్మ వైపు ఉన్నది ఎవరు?

ప్రశ్న: మా అత్తగారు ఏటా దీపావళికి లక్ష్మీపూజలో పెట్టే పాత వెండి రూపాయలు ఐదు ఇప్పుడు నా చేతికొచ్చాయి. ఒకదాని మీద కిరీటం పెట్టుకున్న ఆవిడ, ఒకదాని మీద బట్టతల, గడ్డం ఉన్నాయన, ఇంకోదాని మీద కిరీటం, గడ్డం రెండూ ఉన్న రాజు, మరోదాని మీద గడ్డం లేని రాజు ఉన్నారు. ఐదోది బాగా అరిగిపోయింది. వీళ్ళంతా ఎవరని ఆరో తరగతి చదివే మా అబ్బాయి ఒకటే అడుగుతున్నాడు. ముఖం చూసి గుర్తుపట్టడం ఎలాగండీ?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీరు రాసిన గుర్తులతోనే నాలుగు పేర్లు తేలిపోయాయమ్మా. కిరీటం ఉందా, గడ్డం ఉందా, తల ఎటు తిరిగి ఉంది – ముందు ఈ మూడూ చూడాలి. ముఖం పోలిక ఆఖరున. ఎందుకో మీ మొదటి నాణెమే చెబుతుంది.

కిరీటం ఉన్న ఆవిడ విక్టోరియా రాణి. మనం చూస్తుంటే ఎడమవైపు తిరిగి, కుట్టుపని చేసిన గౌనుతో ఉంటుంది. ఈ కిరీటం బొమ్మ మన రూపాయి మీదకి 1862లో వచ్చింది. ఆవిడ 1901లో 81 ఏళ్ళ వయసులో చనిపోయింది. కానీ 1901 రూపాయి పట్టుకుని చూడండి, నున్నటి బుగ్గలు, నిటారు మెడ, పడుచు రాణే కనిపిస్తుంది! అప్పటికి కొన్నేళ్ళుగా ఇంగ్లండు నాణేల మీద తల మీంచి ముసుగు వేసుకున్న ముసలి విక్టోరియా వస్తోంది. మన రూపాయి మీద మాత్రం ఆవిడకి వయసు మళ్ళనే లేదు. అందుకే ముఖాన్ని నమ్ముకుని కాలం లెక్కకట్టొద్దంటాను. అక్షరాలు చూడండి. ‘క్వీన్’ అని ఉంటే 1877కి ముందుది, ‘ఎంప్రెస్’ అని ఉంటే ఆ ఏడాది నుంచి వచ్చింది. ఇంకో మెలిక ఉంది. 1862 అని ఉన్నంత మాత్రాన అది ఆ ఏడాదే తయారైందనుకోకండి. ఆ తేదీతోనే తర్వాత చాలా ఏళ్ళు రూపాయలు ముద్రించారు.

బట్టతల ఆయన ఆవిడ కొడుకు ఏడవ ఎడ్వర్డ్. 59 ఏళ్ళకి గద్దెనెక్కాడు కాబట్టి ముసలాయనగానే కనిపిస్తాడు. 1903 నుంచి 1910 దాకా ఈయన రూపాయలు వచ్చాయి. తల మీద కిరీటం లేదు, చూపు కుడివైపు. తల్లి ఎడమకి చూస్తే కొడుకు కుడికి చూడడం బ్రిటిష్ నాణేల ఆనవాయితీ. రాజు మారితే తల తిరిగే వైపు కూడా మారుతుంది.

కిరీటం, గడ్డం రెండూ ఉన్నది ఐదవ జార్జ్. మళ్ళీ ఎడమవైపు. ఈ నాణెం దగ్గర మీ అబ్బాయి చేతికి భూతద్దం ఇవ్వండి. రాజు ఛాతీ మీద అలంకారాల్లో ఒక బుల్లి ఏనుగు ఉంటుంది. 1911లో మొదటిసారి ముద్రించినప్పుడు దాని తొండం పొట్టిగా, కాళ్ళు కురచగా రావడంతో జనానికి అది పందిలా కనిపించింది. ముస్లింలు బాధపడ్డారు, గొడవైంది. ప్రభుత్వం చాలా నాణేలను వెనక్కి తీసుకుని కరిగించేసింది. 1912 నుంచి తొండం స్పష్టంగా కనిపించేలా అచ్చు మార్చారు. నాణేలు దాచుకునేవాళ్ళు ఆ 1911 రూపాయిని ఇప్పటికీ ‘పంది రూపాయి’ అనే అంటారు. గోరంత బొమ్మ కోసం ఒక ప్రభుత్వం దిగిరావడం నాకు ఎప్పుడు తలుచుకున్నా అబ్బురమే.

గడ్డం లేనిది ఆరవ జార్జ్. ఆనవాయితీ ప్రకారం ఈయన కుడికి చూడాలి కదా, మరి ఎడమకే చూస్తాడు. మధ్యలో 1936లో ఎనిమిదవ ఎడ్వర్డ్ ఏడాది కూడా నిండకుండానే గద్దె దిగిపోయాడు. ఆయన బొమ్మ వచ్చి ఉంటే కుడికి ఉండేదని లెక్కేసుకుని తమ్ముణ్ణి ఎడమకి తిప్పారు. ఈయన రూపాయిలో 1940 నుంచి వెండి సగమే. అంతకుముందు వాటిలో పన్నెండింట పదకొండు పాళ్ళు ఉండేది. బంగారం కొట్లో తూకం వేయిస్తే పాత రూపాయి సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు తూగాలి. అరిగినవి కాస్త తగ్గుతాయి.

ఇక ఐదోది. దాన్ని కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో నెమ్మదిగా తిప్పుతూ చూడండి, పోయాయనుకున్న గీతలు తేలతాయి. అప్పటికీ తెలియకపోతే బొరుసు చూడండి. రూపాయి పేరు పారశీక లిపిలో కూడా ఉంటే అది కిరీటం ఉన్న విక్టోరియాది కాదు. ఆవిడ రూపాయి వెనక ఇంగ్లీషే ఉంటుంది.

ఒక్కటి మాత్రం చేతులు జోడించి అడుగుతున్నాను. పూజకి ముందు వీటిని చింతపండు పెట్టి తోమకండి. తోమిన ప్రతిసారీ ముందు పోయేవి జుట్టు పాయలు, గౌను మీది పువ్వులు, అక్షరాల అంచులు. ఏ గుర్తులు చూడమని ఇంతసేపు చెప్పానో అవే. మంచినీళ్ళలో ముంచి మెత్తటి గుడ్డతో అద్దితే చాలు, లక్ష్మీదేవికి ఏ లోటూ రాదు.

ప్రశ్న: మా తాతగారి నిజాం రూపాయి మీద రాజు బొమ్మే లేదు, చార్మినార్ ఉంది. ఏ నిజాందో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చార్మినార్ గుమ్మం మధ్యలో ఒక అరబిక్ అక్షరం ఉంటుంది, చూడండి. ‘మీమ్’ అయితే ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, ‘ఐన్’ అయితే ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. బొమ్మకి బదులు పేరులోని మొదటి అక్షరం అన్నమాట. సంవత్సరం 1337 అని కనిపిస్తే పద్నాలుగో శతాబ్దం దాకా వెళ్ళకండి. అది హిజ్రీ లెక్క, మనకి 1918–19.