కీళ్లవాతంలో ‘వాత’ ఉందా?

సందేహం: మా అత్తగారు తన మోకాళ్లకు వచ్చింది ‘కీళ్లవాతం’ అంటారు. మెడిసిన్ చదివే మా అబ్బాయి, ‘అందులో గాలీ లేదు, వాతమూ లేదు, ఆర్థరైటిస్ అనాలి’ అంటాడు. ఏది సరి? ‘కీలెరిగి వాత పెట్టాలి’ అనే సామెతలోని వాత, ఈ వాతం ఒకటేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: చివరి ప్రశ్న తేలిక, ముందు అది చెబుతాను. ఒకటి కాదు. సామెతలోని వాత కాల్చిన ఇనుముతో ఒంటిమీద వేసే మచ్చ. పులిని చూసి నక్క పెట్టుకున్నదీ అదే. వాతం సంస్కృతం, వీచేది. వాతావరణంలో ఉన్నదీ, పక్షవాతంలో ఉన్నదీ ఇదే.

మీ ప్రశ్నలో నాకు ముద్దొచ్చిన మాట ‘కీలు’. సంస్కృతంలో కీలం అంటే మేకు. సగం చీల్చిన దూలంలోంచి మేకు పీకి ప్రాణం మీదికి తెచ్చుకున్న కోతి కథ పంచతంత్రంలో చదివే ఉంటారు. ఆ కోతిని అక్కడ ‘కీలోత్పాటి’ అన్నారు. మనవాళ్లు ఆ మేకును తెచ్చుకుని, మేకును వదిలేసి, దాని చుట్టూ తిరిగే చోటును కీలు అన్నారు. తలుపుకు కీలు, బొమ్మకు కీలు, కథల్లో ఎగిరే గుర్రానికి కీలు, మోచేతికి కీలు. అక్కడితో ఆగక, పని ఎక్కడ తిరుగుతుందో ఆ మర్మాన్నీ కీలు అన్నారు. సామెతలో ఉన్నది ఒంటి కీలా, మర్మమా అంటే నేను రెండూ అంటాను. నా చిన్నతనంలో మా ఊళ్లో ఎద్దు కుంటితే వాత పెట్టే ముసలాయన వచ్చేవాడు. కడ్డీ నిప్పుల్లో ఎర్రబడుతుంటే ఆయన తొందరపడకుండా బొటనవేలితో ఎద్దు జబ్బ నొక్కుతూ, అది ఎక్కడ ఉలిక్కిపడుతుందో చూసేవాడు. కీలెరగడం అంటే ఆ బొటనవేలే. మనుషులకూ వాత వైద్యం ఉండేది. సుశ్రుతుడు దాన్ని అగ్నికర్మ అని చెప్పాడు, సంధుల, అంటే కీళ్ల, నొప్పికీ వాడమన్నాడు.

ఇంత అందమైన మాట ఇప్పుడు పత్రికల వాళ్ల పాలబడింది. కీలక భేటీ, కీలక నిర్ణయం, కీలక వ్యాఖ్యలు! ఒక్క పేజీలో ఇన్ని కీలకాలుంటే పేపరుకే కీళ్లనొప్పులు రావాలి. (అగ్నికీలల్లోని కీల అంటే మంట. దాన్ని ఇందులోకి లాగవద్దు.)

ఇక మీ అబ్బాయి సంగతి. ఆర్థరైటిస్‌లోని ‘ఆర్థ్రాన్’ గ్రీకులో కీలు. ‘ఐటిస్’ మొదట ‘దానికి సంబంధించినది’ అనే చెప్పేది, తర్వాత వైద్యంలో వాపుకు స్థిరపడింది. తమాషా ఏమిటంటే, గ్రీకు వ్యాకర్తలు భాషలోని ఒక చిన్న మాటకు, ఇంగ్లిషు వ్యాకరణంలో ఆర్టికల్ అనేదానికి, ఆర్థ్రాన్ అనే పేరే పెట్టారు. మనకూ సంధి ఒంట్లోదీ, వ్యాకరణంలోదీ. ముప్ఫయ్యేళ్లు పిల్లల చేత సంధులు విడదీయించాను, ఇప్పుడు నా మోకాలి సంధి మెట్ల దగ్గర బదులు తీర్చుకుంటోంది.

వాతమంటే గాలి అని నవ్వడం కూడా తొందరపాటు. చరకుడు వాతం చేరిన కీలు వాపును ముట్టుకుంటే గాలి నింపిన తోలుతిత్తిలా ఉంటుందన్నాడు. వేలితో నొక్కి చూసినవాడి మాట అది. నక్క తలలా వాచిన మోకాలికి క్రోష్టుకశీర్షమని పేరు. గౌట్ అనే కీళ్లజబ్బుకు దగ్గరగా ఉండే వాతరక్తానికి ఆఢ్యవాతమని ఇంకో పేరు, అంటే ఉన్నవాళ్ల జబ్బు. మీ అబ్బాయి పుస్తకంలోని ‘రుమటాయిడ్’ మాత్రం ఎక్కడిది? ‘రూమా’ అంటే గ్రీకులో ప్రవాహం. గౌట్ లాటిన్‌లో చుక్క. వాళ్ల ఒంట్లో ఏదో కారింది, మన ఒంట్లో ఏదో వీచింది, అంతే తేడా!

అయితే వాతం పెద్ద బుట్ట, అన్నీ అందులో పడతాయి. వయసుతో వచ్చే అరుగుదల వేరు, ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల పొర మీద తిరగబడే రుమటాయిడ్ వేరు. మొదటిదాంట్లో పొద్దున్నే పట్టేసిన కీళ్లు సాధారణంగా అరగంటలోపు వదులుతాయి. రెండోదాంట్లో గంట దాటినా కాఫీ ఫిల్టరు మూత తిప్పలేరు. మందులూ వేరు. అందుకని వ్యాసం రాసేవాళ్లు వాపు ముఖ్యమైన చోట కీళ్లవాపు అనండి. అరుగుదలలో వాపు ప్రతిసారీ ఉండాలని లేదు గనక, జబ్బులన్నిటికీ కలిపి ఆ పేరు పెట్టమని నేను గట్టిగా చెప్పలేను. ఇంట్లో కీళ్లనొప్పులు చాలు. మీ అత్తగారి కీళ్లవాతాన్ని దిద్దవద్దు. డాక్టరు దగ్గర మాత్రం సలుపా, పోటా, తీపా, కలుక్కుమంటోందా అన్నది ఆవిడ మాటల్లోనే చెప్పనివ్వండి. ‘పెయిన్’ అని మీరు తర్జుమా చేస్తే అవన్నీ పోతాయి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోను. ‘మోకాళ్లలో గుజ్జు అరిగింది’ అని ఇప్పుడు అందరూ అంటున్నారు. అరిగేది చెప్పు, గంధపుచెక్క. ఎముక చివర ఉండే మెత్తటి పొర అరిగిందంటే సరే. గుజ్జు ఎండుతుంది, కారుతుంది, మామిడిపండయితే చప్పరిస్తే అయిపోతుంది. ఎక్కడైనా అరుగుతుందా?