వంపు తీగ మీద బలం: కూడే ముందు దిశ చూడు

విజయనగరం

చి. సాహితికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన లెక్క చూశాను తల్లీ. అర్ధవృత్తంగా పైకి వంచిన తీగ, వ్యాసార్థం 10 సెంటీమీటర్లు, కరెంటు 5 ఆంపియర్లు, కాగితానికి లంబంగా బయటికి వస్తున్న 0.4 టెస్లాల ఏకరీతి అయస్కాంత ఫీల్డ్. తీగ మీద మొత్తం బలమెంత అని ప్రశ్న. నీకు 0.628 న్యూటన్లు వచ్చింది, పుస్తకంలో 0.4 ఉంది. పుస్తకమే ఒప్పు. ముక్క ముక్కకీ ఐ·బి·డీఎల్ (ఐ కరెంటు, బి ఫీల్డ్, డీఎల్ చిన్న ముక్క పొడవు) అని రాసి, పై·ఆర్ (π × వ్యాసార్థం) పొడవుకీ కూడేశావు. పరిమాణం అన్ని ముక్కల మీదా అంతే, నిజమే. దిశ మాత్రం ఒకటి కాదు కదా. కుడి చివరి ముక్క కుడికి తోసుకుపోతుంది, ఎడమ చివరిది ఎడమకి, నడిమిది పైకి. ఆ రెండు చివర్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంటే నువ్వు రెండింటినీ కలిపి లెక్కేశావు.

అంచేత ముందు కాంపొనెంట్లుగా విడగొట్టు, తరవాతే ఇంటిగ్రేషన్ గుర్తు పెట్టు. వృత్తకేంద్రాన్ని మూలబిందువుగా తీసుకుని, థీటాని కుడివైపు ఎక్స్ అక్షం నుంచి కొలువు. కరెంటు గడియారానికి ఎదురు దిశలో పోతే డీఎల్ కాంపొనెంట్లు −ఆర్·సైన్ థీటా·డీథీటా, ఆర్·కాస్ థీటా·డీథీటా. ఫీల్డ్‌తో క్రాస్ ప్రొడక్ట్ చేస్తే బలానికి ఎక్స్ భాగం ఐ·బి·ఆర్·కాస్ థీటా·డీథీటా, వై భాగం ఐ·బి·ఆర్·సైన్ థీటా·డీథీటా. 0 నుంచి పై వరకు మొదటిది సున్నా, రెండోది 2·ఐ·బి·ఆర్. అంటే 2 × 5 × 0.4 × 0.1 = 0.4 న్యూటన్లు, పైకి.

ఇక్కడ పిల్లలు ఎక్కువగా జారేది రెండు చోట్ల. ఐ·బి·డీఎల్·సైన్ అనే సూత్రంలో ఉన్న సైన్‌లోని కోణం డీఎల్‌కీ ఫీల్డ్‌కీ మధ్యది. ఈ లెక్కలో అది మొదట్నుంచి చివరిదాకా 90 డిగ్రీలే. థీటా ముక్క ఎక్కడుందో చెప్పే కోణం. రెంటికీ ఒకే అక్షరం వాడితే తప్పు ఎక్కడ జరిగిందో కూడా దొరకదు, అందుకని మొదటిదాన్ని ఫై అని రాసుకో. రెండోది ఇంటిగ్రేషన్ లిమిట్స్. కరెంటు బయల్దేరే చివర కింద, చేరే చివర పైన. కరెంటు తిరగబడితే π నుంచి 0కి వేస్తే చాలు, మైనస్ దానంతటదే వస్తుంది. నువ్వు ఇంకో మైనస్ తగిలించావంటే దిశ మళ్లీ మొదటికొస్తుంది. కాలిక్యులేటర్ రేడియన్లలో ఉందో లేదో కూడా చూసుకో. డిగ్రీల్లో ఉంటే కాస్ 3.14 అంటే 0.998 చూపిస్తుంది, నీ బలం దాదాపు మాయమైపోతుంది.

ఫీల్డ్ ఏకరీతిగా ఉంటే అసలింత పనే లేదు. ఐ, బి రెండూ ఇంటిగ్రేషన్ బయటికి వచ్చేస్తాయి, లోపల డీఎల్ వెక్టర్ల మొత్తమే మిగులుతుంది. అది మొదటి చివర నుంచి రెండో చివరకి గీసిన తిన్నటి గీత. శ్రీకాకుళం నుంచి విజయనగరానికి రణస్థలం మీదుగా వచ్చినా, రాజాం, చీపురుపల్లి మీదుగా వచ్చినా స్థానభ్రంశం ఒకటే కదా, అలాగే. ఇక్కడ ఆ గీత వ్యాసం, 0.2 మీటర్లు. మూసిన లూప్‌కైతే మొత్తం బలం సున్నా. అంతమాత్రాన తీగకి ఏమీ కాదనుకోకు. ఇదే వ్యాసార్థంతో పూర్తి రింగు చేస్తే తీగలో ఐ·బి·ఆర్, అంటే 0.2 న్యూటన్ల తన్యత ఉంటుంది. ఫీల్డ్ రింగు తలానికి లంబంగా కాకుండా వాలితే టార్క్ (రింగుని తిప్పే ప్రభావం) కూడా వస్తుంది.

ఇంటిగ్రేషన్ నిజంగా కావలసింది ఫీల్డ్ చోటుని బట్టి మారినప్పుడు. అదే 5 ఆంపియర్ల కరెంటు, అదే 10 సెంటీమీటర్ల వ్యాసార్థంతో పావు వృత్తం తీసుకో, థీటా 0 నుంచి పై/2 వరకు. కాగితం మీద ఫీల్డ్ 4·ఎక్స్ టెస్లాలు (ఎక్స్ మీటర్లలో), బయటి వైపుకే. ఎక్స్ బదులు ఆర్·కాస్ థీటా పెట్టడం మరిచిపోకు. ఆ ఫీల్డ్‌ని స్థిరాంకంలా బయటికి లాగేస్తే లెక్క అక్కడే పోయినట్టు. ఎక్స్ భాగంలో కాస్ స్క్వేర్ వస్తుంది, విలువ 0.157 న్యూటన్లు. వై భాగంలో సైన్, కాస్‌ల లబ్ధం, విలువ 0.1. మొత్తం పరిమాణం సుమారు 0.186.

ఇప్పుడు అవే రెండు చివర్లని తిన్నటి తీగతో కలిపి చెయ్యి. 0.1, 0.1 వస్తాయి. ఎక్స్ భాగం మారింది, వై భాగం మారలేదు. ఇది కాకతాళీయం కాదు, ఈ అధ్యాయంలో నాకు బాగా నచ్చేది ఇదే. బలం వై భాగం అంటే −ఐ ఇంటూ బి·డీఎక్స్ ఇంటిగ్రేషన్. బి ఎక్స్ మీదే ఆధారపడితే దానికి రెండు చివర్ల ఎక్స్ విలువలు చాలు, తీగ మధ్యలో ఎలా మెలికలు తిరిగినా ఒకటే. ఎక్స్ భాగంలో బి·డీవై ఉంది, అది దారిని అడుగుతుంది. రెండు దారులకీ తేడా 0.057 ఉంది చూడు, అది పావు వృత్తానికీ, జ్యాకీ (ఆ తిన్నటి తీగకి) మధ్యనున్న వైశాల్యాన్ని ఐ, 4లతో గుణిస్తే వచ్చేదే.

దీని ఉపయోగం పొడవాటి తిన్నని తీగ పక్కన వంపు తీగ ఉన్న లెక్కల్లో తెలుస్తుంది. పొడవు తీగని వై అక్షం మీద పెట్టు, 10 ఆంపియర్లు. రెండు తీగలూ ఒకే తలంలో ఉండాలి. వంపు తీగలో 5 ఆంపియర్లు, ఒక చివర 5 సెంటీమీటర్ల దూరంలో, రెండోది 15లో. పొడవు తీగకి సమాంతరంగా ఉండే భాగం కావాలంటే వంపు సమీకరణమే అక్కర్లేదు: 2 × 10⁻⁷ × 10 × 5 × ఎల్ఎన్ 3 (3కి సహజ లాగరిథమ్), సుమారు 1.1 × 10⁻⁵ న్యూటన్లు. లంబంగా ఉండే భాగానికి మాత్రం వంపు ఆకారం తెలియాల్సిందే, అక్కడ తప్పించుకోలేవు.

ఈ వారం ఇది చేసి పంపు. మొదటి అర్ధవృత్తమే, కానీ ఫీల్డ్ కాగితంలోనే, వ్యాసానికి సమాంతరంగా. జవాబు సున్నా వస్తుంది. షార్ట్‌కట్ వద్దు, ఏ ముక్కలు కాగితం లోపలికి, ఏవి బయటికి తోసుకుపోతున్నాయో ముక్కల వారీగా చూపించి, అప్పుడు కూడు.

పెదనాన్న